నేలమాళిగలో నాటకం: సోవియట్ కూలిపోయాక రంగస్థలం ఎవరి మాట వింది?

2024 జులై 8న మాస్కోలో ఒక సైనిక కోర్టు ఇద్దరు మహిళలకు చెరో ఆరేళ్ల జైలుశిక్ష వేసింది. ఒకరు దర్శకురాలు జెన్యా బెర్కోవిచ్. ఇంకొకరు నాటక రచయిత్రి స్వెత్లానా పెత్రీచుక్. ఉగ్రవాదాన్ని సమర్థించారన్నది అభియోగం. దానికి చూపించిన ఆధారం వాళ్లు వేసిన నాటకం. ఇంటర్నెట్‌లో పరిచయమైన తీవ్రవాదుల మాటలు నమ్మి, వాళ్లను పెళ్లాడటానికి సిరియాకు బయల్దేరిన రష్యన్ ఆడవాళ్ల కథ అది. రష్యన్ జానపద కథలో డేగగా మారే వీరుడు ఫినిస్ట్ పేరే ఆ నాటకానికి పెట్టారు. నిజంగా నడిచిన కేసుల కాగితాల్లోంచి తయారైంది. ఉచ్చులో ఎలా పడతారో చూపించి, పడొద్దని చెబుతుంది. 2022లో రష్యన్ నాటకరంగంలో అతి పెద్ద గౌరవమైన గోల్డెన్ మాస్క్ బహుమతి కూడా అందుకుంది. అప్పీలుకు వెళ్తే శిక్షలో కొన్ని నెలలు మాత్రమే తగ్గాయి.

చిన్న హాల్లో వేసుకునే నాటకమంటే అంత పెద్ద రాజ్యానికి ఎందుకంత పట్టింపు? ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే ముప్పై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

మా తరం తెలుగువాళ్లకు ఆ దేశం పుస్తకాల ద్వారానే తెలుసు. మాస్కోలో తెలుగులో అచ్చయి, విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన పుస్తకాలు మా ఇంటి బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి. 1991 తర్వాత అవి రావడం ఆగిపోయింది. అక్కడి మనుషుల కథ మనకు మధ్యలోనే తెగిపోయింది. తెగిన చోట ఆ కథను మళ్లీ అందుకున్నది ఈ నాటకాలవాళ్లే అని నేను గట్టిగా నమ్ముతాను.

ముందుగా రెండు మాటలు: అవాంగార్డ్, సోవియట్ అనంతరం

అవాంగార్డ్ ఫ్రెంచి మాట. సైన్యానికి ముందు నడిచే దళాన్ని అలా అంటారు. కళలోకి వచ్చేసరికి, అలవాటైన పద్ధతిని పగలగొట్టి కొత్త దారి వెతికే పనికి ఆ పేరు పెట్టారు. నాటకంలో అయితే తెర, సెట్టు, కథ, పాత్ర, ప్రేక్షకుడు కూర్చునే చోటు, వీటిలో దేన్నైనా సరే "ఇది ఇలాగే ఎందుకుండాలి" అని నిలదీసే ప్రయోగం.

రష్యాలో ఈ ప్రయోగాలకు పాత చరిత్రే ఉంది. 1920ల్లో మేయర్‌హోల్డ్ అనే దర్శకుడు తెరలు, రంగులద్దిన గుడ్డలు తీసిపారేసి, చెక్క నిచ్చెనలూ చక్రాలతో స్టేజీని ఒక యంత్రంలా కట్టాడు. నటుడి శరీరమే భాష అన్నాడు. 1938లో ఆయన థియేటర్ మూసేశారు, 1939లో అరెస్టు చేశారు, 1940 ఫిబ్రవరి 2న కాల్చి చంపారు. ఆ దేశంలో నాటకం వేయడానికి కూర్చున్న ప్రతి మనిషికీ ఈ సంగతి తెలుసు. ఇకముందు చెప్పే వాటన్నిటి వెనకా ఆ నీడ ఉందని గుర్తుంచుకోవాలి.

"సోవియట్ అనంతరం" అనే మాటతో మాత్రం కాస్త జాగ్రత్త. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ పదిహేను దేశాలుగా విడిపోయింది. ఆ పదిహేనింటినీ ఒకే పేరుతో పిలవడం వినేవాళ్లకు సౌకర్యం. లాత్వియా, ఎస్టోనియా, ఉక్రెయిన్ కళాకారుల్లో చాలామందికి అది అవమానం. మమ్మల్ని ఆక్రమించుకున్నవాడి పేరుతోనే ఇంకా ఎందుకు పిలుస్తారని వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఈ వ్యాసంలో ఆ మాటను కాలాన్ని సూచించడానికి వాడుతున్నాను, ఆ దేశాలకు గుర్తింపుగా కాదు.

చెప్పని మాటను వినడానికి వచ్చిన ప్రేక్షకులు

సోవియట్ కాలంలో నాటకానికి డబ్బు ప్రభుత్వానిది, కత్తెరా ప్రభుత్వానిదే. స్క్రిప్టును ముందే చదివేవాళ్లు, రిహార్సల్ చూసేవాళ్లు, అనుమతి వచ్చాకే ప్రదర్శన. దానివల్ల ఒక వింత కళ పుట్టింది. చెప్పకూడని మాటను చెప్పకుండానే చెప్పడం. మాస్కోలో యూరీ ల్యుబీమొవ్ 1964లో నిలబెట్టిన తగాంకా థియేటర్ దీనికి ప్రసిద్ధి. అక్కడ షేక్‌స్పియర్ నాటకంలో రాజు గురించి ఒక మాట వస్తే, అది ఏ రాజు గురించో హాలు మొత్తానికి తెలుసు. నటుడు ఒక్క క్షణం ఆగుతాడు. జనం ఊపిరి బిగబడతారు. ఆ మౌనం కోసమే రాత్రంతా టికెట్ల క్యూలో నిలబడేవాళ్లు.

ఈసప్ కథల్లో నక్క, సింహం పేరుతో మనుషుల గురించి చెప్పినట్టే కాబట్టి రష్యన్లు దీన్ని ఈసప్ భాష అంటారు.

1980ల చివర గోర్బచోవ్ కాలంలో ఈ కత్తెర మొద్దుబారింది, 1990 పత్రికా చట్టంతో పూర్తిగా పోయింది. అందరూ సంతోషించాల్సిన సమయం అది. నాటకానికి మాత్రం ఉన్నట్టుండి కాళ్ల కింద నేల కదిలింది. నిన్నటిదాకా స్టేజీ మీద గుసగుసగా చెప్పిన మాట ఇవాళ పేపర్లో పెద్దక్షరాలతో వస్తోంది. పార్లమెంటు సమావేశాలు టీవీలో ప్రత్యక్షంగా వస్తున్నాయి. ఇక మౌనం వినడానికి టికెట్ ఎవరు కొంటారు?

1992: బడి పంతులమ్మ సాక్సులు అమ్మిన ఏడాది

1992 జనవరి 2న రష్యాలో చాలా సరుకుల ధరల మీద నియంత్రణ ఎత్తేశారు. ఆ ఒక్క ఏడాదిలో ధరలు దాదాపు 26 రెట్లయ్యాయి. జీవితాంతం దాచుకున్న పొదుపు కొన్ని నెలల్లో చిల్లర డబ్బులైంది. జనవరి నెలాఖరున ఎవరైనా ఎక్కడైనా అమ్ముకోవచ్చని ఇంకో ఉత్తర్వు వచ్చింది. మెట్రో స్టేషన్ల బయట మనుషులు బారులు తీరి నిలబడి ఇంట్లో సామాన్లు అమ్మారు. ఇంజనీర్లు, టీచర్లు, పెన్షనర్లు.

ఈ మార్పులో డబ్బు ఒక భాగమే. మనిషి తన గురించి తాను చెప్పుకునే భాష కూడా పోయింది. "నేను ఫలానా ఫ్యాక్టరీలో ఫోర్‌మాన్‌ని" అన్న మాటకు అంతకుముందున్న గౌరవం, అర్థం రెండూ పోయాయి. కొత్త అర్థం ఇంకా రాలేదు. పెద్ద థియేటర్లు చాలావరకు చెహోవ్‌ను, విదేశీ హాస్య నాటకాలను వేసుకుంటూ ఉండిపోయాయి. బయట వీధిలో నిలబడ్డ మనిషి స్టేజీ మీద ఎక్కడా కనపడలేదు.

ఉరాల్ ప్రాంతపు యెకతెరిన్‌బర్గ్‌లో నికొలాయ్ కల్యాడా లాంటి రచయితలు ఈ లోటు తీర్చడం మొదలుపెట్టారు. పాడుబడ్డ అపార్టుమెంట్లు, తాగుడు, ఒంటరి ముసలివాళ్లు, బూతులు. విమర్శకులు ఈ ధోరణికి చెర్నుఖా అని పేరు పెట్టారు. నలుపు అన్న మాటలోంచి వచ్చిందది. అన్నీ నల్లగా, మురికిగా చూపించే సరుకు అని. మెచ్చుకోలుగా పెట్టిన పేరు కాదు.

వెర్బేటిమ్: నోటి మాటను ఉన్నదున్నట్టు

1999లో లండన్‌లోని రాయల్ కోర్ట్ థియేటర్ వాళ్లు మాస్కో వచ్చి యువ రచయితలకు ఒక పద్ధతి నేర్పారు. దాని పేరు వెర్బేటిమ్, అంటే పొల్లుపోకుండా. టేప్ రికార్డర్ పట్టుకుని వెళ్లి నిజమైన మనుషులతో మాట్లాడతారు. వాళ్లు అన్న మాటల్నే, ఆ తడబాట్లతో సహా రాసుకుంటారు. వాటిని కత్తిరించి, వరస మార్చి నాటకంగా కూర్చుతారు. కొత్త వాక్యం రాయకూడదు.

తేడా తెలియడానికి ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. మెట్రో దగ్గర సాక్సులు అమ్ముతున్న టీచరు పాత్ర. మామూలు నాటక రచయిత ఆమె చేత ఇలా అనిపిస్తాడు: "ఇరవై ఏళ్లు పిల్లలకు అక్షరాలు నేర్పాను. ఇవాళ చలిలో నిలబడి సాక్సులు అమ్ముతున్నాను. ఇదేనా మనం కోరుకున్న స్వేచ్ఛ?"

అదే టీచరు టేపులో మాట్లాడితే ఇలా ఉండొచ్చు: "సాక్సులు... ఆ, ఉన్ని మంచిదే. మా ఆయన వాళ్లమ్మ అల్లింది. మొదటి రోజు ఏంటంటే, నేను టోపీ ఇక్కడి దాకా లాక్కున్నాను. మా బడి పిల్లాడు ఒకడు వచ్చాడు. చూశాడో లేదో. రెండు జతలు కొన్నాడు. చూసే ఉంటాడు."

మొదటిదాంట్లో రచయిత అభిప్రాయం ఉంది. రెండోదాంట్లో మనిషి ఉంది. "చూసే ఉంటాడు" అన్న చివరి మాట దగ్గర వచ్చే బరువు ఏ ఉపన్యాసానికీ రాదు. వెర్బేటిమ్‌ను నమ్మేవాళ్ల వాదమంతా ఈ తేడాలోనే ఉంది.

ఈ పద్ధతికి ఇల్లు 2002లో దొరికింది. యెలేనా గ్రేమినా, మిఖాయిల్ ఉగారొవ్ దంపతులు, వాళ్ల తోటి రచయితలు కలిసి మాస్కో నడిబొడ్డున ఒక నివాస భవనం కింద నేలమాళిగను సొంత చేతులతో బాగుచేసుకుని తియాత్ర్ డాక్ మొదలుపెట్టారు. ప్రభుత్వ డబ్బు లేదు. "నటించని థియేటర్" అన్నది వాళ్ల నినాదం. వాళ్లు రాసుకున్న నియమాలు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. సెట్టు వీలైనంత తక్కువ. సంగీతం నాటకంలో భాగమైతే తప్ప వద్దు. దర్శకుడు తన ఉపమానాలు జొప్పించకూడదు. నటులు తమ వయసు పాత్రలే, మేకప్ లేకుండా వేయాలి.

దర్శకుడి ఉపమానాలు వద్దన్న నియమం దగ్గరే ఈ ఉద్యమం గుండె ఉంది. సోవియట్ కాలపు సాహసమంతా ఉపమానంలోనే కదా జరిగింది. ఈసప్ భాషను పక్కన పెట్టి, సూటి మాటనే ప్రయోగంగా చేసుకోవడం మరో చోట మామూలు వాస్తవికత అనిపించుకోవచ్చు. అక్కడ అది తెగింపు. అందుకే దీన్ని అవాంగార్డ్ అనడానికి నేను వెనకాడను.

ఉగారొవ్ ఇంకో మాట తెచ్చాడు: సున్నా స్థితి. హంతకురాలితో మాట్లాడినా, పోలీసుతో మాట్లాడినా, ముందుగా తీర్పు జేబులో వేసుకుని వెళ్లకూడదు, తక్కెడ ముల్లు సున్నా దగ్గర ఉండాలి అని. భర్తనో ప్రియుడినో చంపి జైల్లో ఉన్న ఆడవాళ్ల మాటలతో, మాస్కోలో బతుకు వెతుక్కునే మోల్డోవా కూలీల జీవితంతో, ఇలా ఎన్నో వచ్చాయి. 2012లో వచ్చిన 'అకిన్ ఒపేరా' మరీ ముందుకు వెళ్లింది. పామీర్ కొండల నుంచి మాస్కోకు వలస వచ్చిన కూలీలే స్టేజీ మీద కూర్చుని, తమ వాద్యాలతో తమ కథలు పాడారు. మధ్యలో నటుడు లేడు. మధ్య ఆసియాలో ఆశువుగా కథ పాడే గాయకుణ్ని అకిన్ అంటారు. రోజూ తమ వీధి ఊడ్చే మనిషి గొంతు ఎలా ఉంటుందో మాస్కో ప్రేక్షకులు అక్కడ విన్నారు. దీనికి 2014లో గోల్డెన్ మాస్క్ ప్రత్యేక బహుమతి వచ్చింది.

ఒక నాటకం విప్పి చూస్తే: 'గంటా పద్దెనిమిది'

పద్ధతి ఎక్కడ బిగుస్తుందో, ఎక్కడ జారుతుందో చూడటానికి 2010 నాటి ఈ నాటకం సరైనది.

సెర్గేయ్ మాగ్నిత్‌స్కీ ట్యాక్స్ నిపుణుడు. అధికారుల పెద్ద మోసాన్ని బయటపెట్టాక ఆయన్నే అరెస్టు చేశారు. విచారణ ఖైదీగా ఏడాది ఉండి, వైద్యం అందక, 2009 నవంబరు 16న 37 ఏళ్ల వయసులో జైల్లో చనిపోయాడు. చివరి వేళ డాక్టర్లు లోపలికి రాకుండా గడిచిన సమయాన్ని గంటా 18 నిమిషాలుగా లెక్కగట్టారు. నాటకం పేరు అదే.

గ్రేమినా ఆయన ఉత్తరాలు, డైరీ, జైళ్లను పరిశీలించే పౌర కమిషన్ నివేదిక, ఇంటర్వ్యూలు తీసుకుని నాటకం కూర్చింది. ఉగారొవ్ దర్శకుడు. మాగ్నిత్‌స్కీ పాత్ర నాటకంలో లేదు. ఆయన తల్లి మాట ఉంది. మిగతాదంతా దర్యాప్తు అధికారులు, జడ్జీలు, డాక్టరు వరసగా వచ్చి తమ పక్షం చెప్పుకోవడం. అసలు కోర్టులో ఎప్పుడూ జరగని విచారణ, నేలమాళిగలో కొద్దిమంది ప్రేక్షకుల ముందు జరిగింది.

ఇందులో ఒక చోట వెర్బేటిమ్ నియమం తప్పారు. కోర్టుకు తెచ్చినప్పుడు వేడినీళ్లు కావాలని మాగ్నిత్‌స్కీ అడిగితే ఇవ్వలేదన్నది రికార్డులో ఉంది. నాటకంలో ఆ జడ్జి పరలోకానికి వెళ్లి తాను వేడినీళ్లు అడుగుతాడు. ఈ సన్నివేశం ఏ టేపులోనూ లేదు, రచయిత్రి ఊహ. మరి సున్నా స్థితి ఏమైనట్టు?

రెండు జవాబులున్నాయి. పత్రాలను నమ్మి వచ్చిన ప్రేక్షకుడికి ఏది పత్రమో ఏది ఊహో తెలియకపోతే అది మోసమే అవుతుందని ఒకరంటారు. పరలోకం అనగానే అది ఊహ అని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది, అధికారులు నోరు విప్పని చోట ఊహ తప్ప ఇంకేం మిగిలిందని ఇంకొకరంటారు. నాకు రెండోదే సరి అనిపిస్తుంది. అయినా మొదటి అభ్యంతరాన్ని కొట్టిపారేయలేను.

ఒక్కో దేశంలో ఒక్కో రకం

మాస్కో దారే అందరి దారి అనుకుంటే పొరపాటు.

ఎస్టోనియా 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది. ఎన్నికలు, పార్టీలు, పత్రికా స్వేచ్ఛ అన్నీ ఉన్నాయి. అక్కడ ప్రయోగం ప్రజాస్వామ్యం మీదే జరిగింది. టాలిన్‌లోని ఎన్‌ఓ99 అనే థియేటర్ 2010 మార్చి 24న 'ఐక్య ఎస్టోనియా' పేరుతో కొత్త రాజకీయ ఉద్యమం ప్రకటించింది. నిజమైన పార్టీ పెడుతున్నారా, నాటకమా? ఎవరికీ అర్థం కాలేదు. జాతీయ భావం నిండిన పోస్టర్లు వేశారు. పార్టీలు చట్టంలోని సందులు ఎలా వాడుకుంటాయో వీడియోలు పెట్టారు. పత్రికలు దీన్ని నిజమైన రాజకీయ వార్తగా రాశాయి. 44 రోజుల తర్వాత, మే 7న, దేశంలోని పెద్ద హాళ్లలో ఒకటైన సాకు అరీనాలో మహాసభ. ఏడు వేల మందికి పైగా వచ్చారు. పదమూడు లక్షల జనాభా ఉన్న దేశంలో ఇది ఎంత పెద్ద సంఖ్యో ఆలోచించండి. నాయకుడు పార్టీ ప్రకటిస్తాడని అందరూ ఎదురుచూశారు. పార్టీ పుట్టలేదు. మీరు స్వతంత్రులు అని చెప్పి ముగించారు. జనం ఎంత తేలిగ్గా ఒక రక్షకుడి కోసం చూస్తారో జనానికే చూపించిన నాటకం అది. ఆ హాల్లో ఉన్నవాళ్లే నటులు.

పక్కనే లాత్వియాలో అల్విస్ హెర్మానిస్ 2003లో 'దీర్ఘాయుష్షు' చేశాడు. ఒకే అపార్టుమెంటులో గదులు పంచుకుని ఉంటున్న ముసలివాళ్ల ఒక్క రోజు. ఐదుగురు కుర్ర నటులు, ఒక్క మాట లేదు. లేవడం, మందులు వేసుకోవడం, పాత సామాన్ల మధ్య తడుముకోవడం. కొత్త దేశం పరుగు పెడుతుంటే వెనక ఉండిపోయిన తరం అది. ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా దగ్గరైన నాటకం ఇదే.

బెలారుస్‌లో పరిస్థితి వేరు. అక్కడ పాతది పూర్తిగా కూలలేదు, రహస్య పోలీసుల పేరు ఇప్పటికీ కేజీబీయే. 2005లో మిన్స్క్‌లో మొదలైన బెలారుస్ ఫ్రీ థియేటర్‌కు అధికారికంగా ఉనికి లేదు. ఎక్కడికి రావాలో ప్రేక్షకుడికి ఫోన్లో చెప్పేవాళ్లు. అరెస్టయితే పనికొస్తుందని పాస్‌పోర్టు వెంట తెచ్చుకోమనేవాళ్లు. 2007లో ప్రదర్శన మధ్యలో పోలీసులు పడి నటుల్ని, ప్రేక్షకుల్ని కలిపి పట్టుకెళ్లారు. స్థాపకులు 2011లో, మిగిలిన బృందం 2021లో దేశం విడిచారు.

తాష్కెంట్‌లోని ఇల్హోమ్ థియేటర్ అయితే సోవియట్ కాలంలోనే, 1976లో, ప్రభుత్వంతో సంబంధం లేకుండా పుట్టింది. దాన్ని పెట్టిన మార్క్ వైల్‌ను 2007 సెప్టెంబరులో ఆయన ఇంటి వాకిట్లో పొడిచి చంపారు. ఆయన నాటకం ఒకటి మతాన్ని కించపరిచిందని చంపినవాళ్లు చెప్పారు. అంటే ప్రమాదం అన్నిసార్లూ ప్రభుత్వం వైపు నుంచే రాలేదు.

అభ్యంతరాలు: వాటిలో బలమెంత

ఈ తరహా నాటకం మీద వచ్చిన విమర్శలన్నీ అధికారం నుంచి వచ్చినవి కావు.

మొదటిది, ఇదంతా గాయాల ప్రదర్శన అని. 1990ల్లో బాగుపడ్డవాళ్లు, స్వేచ్ఛగా ఊపిరి పీల్చుకున్నవాళ్లు, మొదటిసారి విదేశం చూసినవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్లు ఈ వేదికల మీద తక్కువే కనపడ్డారు. ఈ విమర్శలో నిజముంది.

రెండోది నైతికమైనది, నాకు అన్నిటికన్నా బరువుగా అనిపించేది. జైల్లో ఉన్న ఆడమనిషి ఒక మధ్యాహ్నం నమ్మి చెప్పుకున్న మాట, ఏళ్ల తరబడి టికెట్ పెట్టి అమ్ముతుంటే, ఆ మాట ఎవరిది? అనుమతి తీసుకున్నామనడం చాలదు. ఏ వాక్యం ఉంచాలో ఏది తీసేయాలో నిర్ణయించేది రచయితే. కత్తెర ప్రభుత్వం చేతిలోంచి రచయిత చేతికి మారింది. అకిన్ ఒపేరాలో కూలీలే పాడటం ఈ ప్రశ్నకు ఒక జవాబు. పూర్తి జవాబు కాదు.

మూడోది భాష. ఉన్నదున్నట్టు అంటే బూతులూ ఉంటాయి. సంప్రదాయవాదులకు ఇది కళకు పట్టిన తెగులు. 2014 జులై 1 నుంచి రష్యాలో సినిమాల్లో, నాటకాల్లో బూతుమాటలను చట్టం నిషేధించింది. తియాత్ర్ డాక్ మాత్రం మనుషులు మాట్లాడినట్టే వేస్తామంది.

హాళ్లు చిన్నవి, జనం తక్కువ, మరి సమాజాన్ని ఏం మార్చారని అడిగేవాళ్లు ఇంకొందరు. సంఖ్యలు చూస్తే వాళ్లదే పైచేయి. టీవీ కోట్లమందికి చేరే చోట వంద కుర్చీలు ఎంత? అయితే ఆ వంద కుర్చీల మీద పెట్టిన నిఘా చూస్తే, అధికారం వేరే లెక్క వేసుకుందని తెలుస్తుంది.

కత్తెర తిరిగి వచ్చినప్పుడు

2014లో ఉక్రెయిన్‌కు చెందిన క్రిమియాను రష్యా ఆక్రమించాక వాతావరణం త్వరగా మారింది. ఆ ఏడాది శరదృతువులో తియాత్ర్ డాక్ నేలమాళిగ లీజును నగర యంత్రాంగం రద్దు చేసింది. డిసెంబరు 30న అక్కడ ఉక్రెయిన్ ఉద్యమం మీద డాక్యుమెంటరీ వేస్తుంటే పోలీసులు వచ్చి ఆపించారు. వాళ్లు ఇంకో చోటు చూసుకున్నారు. అభిమానులే వచ్చి గోడలకు రంగులేశారు. 2015 ఫిబ్రవరిలో తెరిచారు, కొన్ని నెలలకే అక్కడి నుంచీ పంపేశారు. మూడో చోటికి వెళ్లారు. 2018 ఏప్రిల్ 1న ఉగారొవ్, మే 16న గ్రేమినా చనిపోయారు. ఆరున్నర వారాల తేడా.

ఇదే పద్ధతి సరిహద్దు అవతల వేరే పని చేసింది. ఉక్రెయిన్ రచయిత్రి నతాల్యా వొరోజ్‌బిత్, గతంలో తియాత్ర్ డాక్‌లో పనిచేసిన జర్మన్ దర్శకుడు గెయొర్గ్ జెనూ కలిసి 2015లో కీవ్‌లో నిర్వాసితుల థియేటర్ పెట్టారు. తూర్పు ఉక్రెయిన్‌లోని దొన్‌బాస్ ప్రాంతపు యుద్ధంలో ఇళ్లు వదిలి వచ్చినవాళ్లు స్టేజీ మీద నిలబడి తమ ఇంటి గురించి తామే చెప్పారు. ఇది నాటకమా, మనసుకు చికిత్సా అన్న చర్చ అక్కడా వచ్చింది. మాస్కోలో ఈ కొత్త తరహా నాటకాలతో పేరు తెచ్చుకున్న రచయిత మాక్సిమ్ కురొచ్‌కిన్ తన పుట్టిన ఊరు కీవ్‌కు తిరిగి వెళ్లాడు. తోటి రచయితలతో కలిసి నాటక రచయితల థియేటర్‌ను 2022 మార్చి 12న తెరవాలనుకున్నాడు. ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా పూర్తిస్థాయి యుద్ధం మొదలుపెట్టింది. ఆయన సైన్యంలో చేరాడు.

మాస్కోలో బెర్కోవిచ్, పెత్రీచుక్ 2023 మేలో అరెస్టయ్యారు. తనను విచారణ దాకా జైలు బయట ఉండనివ్వాలని అడిగే వంతు వచ్చినప్పుడు, బెర్కోవిచ్ కోర్టులో లాయర్ల భాష మాట్లాడలేదు. అద్దాల బోనులో నిలబడి, తన విన్నపమంతా అంత్యప్రాసలున్న పద్యంలో చదివింది.